పసిపిల్లల చెవిలో గ్రోమెట్: పెట్టించాలా వద్దా తేల్చుకోవడం నుంచి అది రాలిపడేదాకా

ఏడాదిన్నర బిడ్డకు నెల తిరగకుండానే జలుబు, దాని వెంటే జ్వరం, అర్ధరాత్రి చెవి పట్టుకుని గుక్కపట్టి ఏడుపు, తెల్లవారితే ఆసుపత్రి, వారం రోజుల యాంటీబయాటిక్ సిరప్. ఆ సీసా ఖాళీ అయిన పది రోజులకే మళ్ళీ ముక్కు కారడం, మళ్ళీ అదే వరస. ఇలా మూడు నాలుగు విడతలు గడిచిన ఇంట్లో ఏదో ఒక రోజు ఇ.ఎన్.టి. డాక్టరు నోట ‘గ్రోమెట్’ (కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టం) అన్న మాట వినబడుతుంది. ఆ సాయంత్రానికి ఇల్లు రెండు పక్షాలవుతుంది. పాలు తాగే బిడ్డకు ఆపరేషనేమిటని పెద్దవాళ్ళు అంటారు, ఈ బాధ ఇక చూడలేము, పెట్టించేద్దామని తల్లిదండ్రులు అంటారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాకు ఆలస్యంగా అర్థమైనదేమిటంటే, ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచాయన్న లెక్క ఈ విషయాన్ని తేల్చదు. కర్ణభేరి వెనుక ఈ రోజు ద్రవం ఉందా, ఉంటే ఎన్నాళ్ళుగా ఉంది, దాని వల్ల బిడ్డకు వినికిడి ఎంత తగ్గింది అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబులే తేలుస్తాయి. ఆ జవాబులు రాబట్టుకోవడం ఎలాగో, గ్రోమెట్ తప్పదని తేలితే ముందూ వెనుకా ఏమేం చూసుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ బిడ్డ చెవిలోకి చూసిన డాక్టరు చెప్పిన మాట దీనికి భిన్నంగా ఉంటే, ఎందుకు భిన్నంగా ఉందో ఆయన్నే అడగండి.

ముందు గ్రోమెట్ అంటే ఏమిటో తెలుసుకోండి

చెవిలో గొట్టం అనగానే బయటికి వేలాడే పైపు ఏదో ఊహించుకుని చాలామంది బెదిరిపోతారు. గ్రోమెట్ పెద్ద ఆవగింజంత ఉంటుంది. కుట్టుమిషను బాబిన్‌లాగా రెండు చివరలా అంచులు, మధ్యలో సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం ఉంటాయి. సిలికాన్‌తోనో టెఫ్లాన్ రకం ప్లాస్టిక్‌తోనో చేస్తారు. టైటానియంతో చేసినవీ ఉన్నాయి. కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి, ఆ గాటులో దీన్ని గుండీలా ఇరికిస్తారు. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే మధ్యచెవికి గాలి ఎలా అందుతుందో తెలియాలి. ముక్కు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలుపుతూ యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి ఒకటి ఉంటుంది. మనం మింగినప్పుడూ ఆవులించినప్పుడూ అది తెరుచుకుని మధ్యచెవిలోకి గాలి పంపుతుంది. పెద్దవాళ్ళలో ఇది పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లలలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడు సులువుగా వాచి మూసుకుపోతుంది, ముక్కులోని క్రిములకు చెవిలోకి దగ్గరి దారి కూడా అవుతుంది. గాలి అందని మధ్యచెవిలో ద్రవం ఊరుతుంది, ఆ ద్రవంలో క్రిములు పెరిగితే చీము పట్టి నొప్పి, జ్వరం వస్తాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ళ వయసు మధ్య ఈ బాధ ఎక్కువగా ఉండడానికీ, ఏడేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలలో దానంతటదే తగ్గిపోవడానికీ కారణం ఆ నాళం ఎదుగుదలే. అంతవరకు నాళం చేయలేని పనిని గ్రోమెట్ చేస్తుంది, అంటే బయటి గాలిని నేరుగా మధ్యచెవిలోకి పంపుతుంది. జబ్బును కోసి తీసేసే ఆపరేషన్ ఇది కాదని, బిడ్డ ఎదిగేదాకా నిలబెట్టే తాత్కాలికమైన ఏర్పాటని గుర్తుంచుకుంటే తరువాత వచ్చే అనేక సందేహాలు ముందే తీరిపోతాయి.

వచ్చినవన్నీ చెవి ఇన్ఫెక్షన్లేనా అని లెక్క తీయండి

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఏ చెవి, జ్వరం ఎంత, చెవి కారిందా, డాక్టరు చెవిలోకి చూసి ఏమన్నారు, ఏ మందు ఎన్ని రోజులు వాడారు అన్నవి అందులో రాయండి. ఇది చాదస్తంలా కనబడవచ్చు కానీ, ఆరు నెలల తరువాత డాక్టరు ‘ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చింది’ అని అడిగినప్పుడు ‘చాలాసార్లు’ అన్న జవాబు ఆయనకు ఎందుకూ పనికిరాదు.

లెక్కలో పొరపాటు పడే చోట్లు కొన్ని ఉన్నాయి. పళ్ళు వచ్చేటప్పుడూ, నిద్ర వచ్చినప్పుడూ పిల్లలు చెవి లాక్కుంటారు. అది ఒక్కటే ఇన్ఫెక్షన్‌కు గుర్తు కాదు. గట్టిగా ఏడ్చే బిడ్డ కర్ణభేరి ఆ ఏడుపు వల్లనే ఎర్రబడుతుంది కాబట్టి ‘చెవి ఎర్రగా ఉంది’ అన్న మాట కూడా సరిపోదు. తీవ్రమైన మధ్యచెవి ఇన్ఫెక్షన్‌లో కర్ణభేరి బయటికి ఉబ్బి కనబడుతుంది, లేదా కొత్తగా చీము కారుతుంది. చెవిలో గులిమి అడ్డుపడి కర్ణభేరి అసలు కనబడకపోతే ఆ రోజు నిర్ధారణ జరగనట్టే. అందుచేత చూపించిన ప్రతిసారీ ‘కర్ణభేరి కనబడిందా, ఉబ్బి ఉందా, వెనుక ద్రవం ఉందా’ అని అడిగి, మందుల చీటీ మీదే రాయించుకోండి. అడిగితే డాక్టరు విసుక్కుంటారేమోనని మొహమాటపడవద్దు.

ఇలా నిర్ధారణ అయిన ఇన్ఫెక్షన్లు ఆరు నెలల్లో మూడు గాని, ఏడాదిలో నాలుగు గాని వచ్చి, ఆ నాలుగింటిలో ఒకటైనా గత ఆరు నెలల లోపుదైతే, దాన్ని వైద్యులు పదేపదే వచ్చే చెవి ఇన్ఫెక్షన్ అంటారు. గ్రోమెట్ మాట ఎత్తడానికి ఈ లెక్క గడప మాత్రమే. అమెరికాలోని ఇ.ఎన్.టి. వైద్యుల అకాడమీ 2022లో సవరించిన మార్గదర్శకాలు చెప్పేదేమిటంటే, లెక్క నిండినా సరే, పరీక్ష చేసిన రోజున రెండు చెవులలోనూ ద్రవం లేకపోతే గ్రోమెట్ పెట్టకూడదు. ఒక చెవిలోనైనా ద్రవం ఉంటే పెట్టే విషయం మాట్లాడవచ్చు. ఇన్ఫెక్షన్‌కూ ఇన్ఫెక్షన్‌కూ మధ్య ద్రవం పూర్తిగా ఇంకిపోతున్నదంటే నాళం తన పని తాను చేసుకుంటున్నదని అర్థం.

ఇక రెండో రకం పిల్లలున్నారు. వీళ్ళకు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మధ్యచెవిలో జిగురులాంటి ద్రవం మాత్రం నెలల తరబడి నిలిచి ఉంటుంది. దీన్ని గ్లూ ఇయర్ అంటారు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్ళరు. టీవీ శబ్దం పెంచమంటాడు, వెనుక నుంచి పిలిస్తే పలకడు, రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి అనడు; ఇంట్లో వాళ్ళు ‘పరధ్యానం’ అనో ‘మొండి’ అనో పేరు పెట్టేస్తారు. ఏడ్చే బిడ్డ కన్నా ఈ బిడ్డ గురించే నేను ఎక్కువ దిగులు పడతాను.

మూడు నెలలు ఆగండి, ఆ మూడు నెలలూ ఊరకే కూర్చోకండి

చెవి ఇన్ఫెక్షన్ తగ్గిన తరువాత కూడా ద్రవం కొన్ని వారాలు నిలిచి ఉండడం సహజం. మూడు నెలలు గడిచేసరికి నూటికి డెబ్బై అయిదు నుంచి తొంభై మంది పిల్లలలో అది దానంతటదే పోతుంది. అందుకే ద్రవం కనబడి మూడు నెలలు నిండకుండా, కేవలం ఆ ద్రవం కోసం గ్రోమెట్ పెట్టకూడదన్నది నియమం. అంగిలి చీలికతో పుట్టిన పిల్లలకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు, ముందే వినికిడి లోపమో మాటల ఆలస్యమో ఉన్నవాళ్ళకు ద్రవం తొందరగా తగ్గే అవకాశం తక్కువ. వాళ్ళ విషయంలో మూడు నెలల గడువును పట్టుకు కూర్చోకుండా డాక్టరుతో ముందే మాట్లాడాలి.

ఈ గడువులో యాంటీహిస్టమిన్ సిరప్‌లు, ముక్కు దిబ్బడ మందులు, స్టెరాయిడ్ మాత్రలు ద్రవాన్ని తగ్గించవు. ఇన్ఫెక్షన్ రాకుండా నెలల తరబడి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ తాగించే పాత పద్ధతిని ఇప్పుడు వద్దంటున్నారు. నాలుగేళ్ళు దాటి, చెప్పింది చేయగలిగిన పిల్లలకైతే ముక్కుతో ఊది బుడగ నింపే సాధనం ఒకటుంది, దానివల్ల కొంత మేలు కలుగుతుంది. ఏడాదిన్నర బిడ్డ దగ్గర అది సాగదు.

మార్చవలసినవి ఇంటి అలవాట్లే. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పాలసీసా నోట్లో పెట్టి వదిలేయడం మానండి. తల కాస్త ఎత్తున ఉండేట్టు ఒళ్ళో పెట్టుకుని పట్టండి. తల్లిపాలు ఇవ్వగలిగినంత కాలం ఇవ్వండి. నోట్లో ఊరికే పెట్టే రబ్బరు పీక ఆరు నెలల తరువాత మానిపించగలిగితే మంచిది. ఇంట్లో ఎవరికైనా బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే వరండాలోకి వెళ్ళి కాల్చడం సరిపోదు, ఎందుకంటే ఆ పొగ బట్టలకు పట్టుకుని తిరిగి బిడ్డ దగ్గరికే వస్తుంది. కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో బిడ్డను ఉంచవద్దు. తలంటిన తరువాత సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్ళలో ముచ్చటైన ఆచారమే కానీ, చెవి బాధ ఉన్న బిడ్డకు ఆ పొగ కూడా ముక్కును రేపే పొగే. న్యుమోకోకల్ టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో కార్డులో చూసుకోండి. 2021 నుంచి ఇది దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తున్నారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏటా ఫ్లూ టీకా వేయించే విషయం పిల్లల డాక్టరును అడగండి. క్రెష్‌లో పిల్లలు ఎంత ఎక్కువగా ఉంటే జలుబు అంత ఎక్కువగా అంటుకుంటుంది. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు డేకేర్‌లో చేరిన మొదటి చలికాలంలోనే వరుసగా చెవిపోట్లు తెచ్చుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. కుదిరితే పిల్లలు తక్కువగా ఉండే చోటు చూడండి, కుదరకపోతే అపరాధ భావం పెట్టుకోకండి.

ఒక్క విషయం మాత్రం ఇంటి పెద్దలతో గట్టిగా చెప్పాలి. చెవిలో వెచ్చని నువ్వుల నూనె, వెల్లుల్లి కాచిన నూనె, తల్లిపాలు పోయకూడదు. కర్ణభేరికి ఎక్కడైనా చిల్లు ఉంటే అవి నేరుగా మధ్యచెవిలోకి దిగుతాయి. చెవిపుల్లలు, పిన్నీసులు పెట్టి గులిమి తీయడం కూడా మానాలి. నొప్పికి బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేయడం, ఎత్తుకుని కూర్చోబెట్టుకోవడం చాలు.

వినికిడి పరీక్ష చేయించకుండా తేదీ ఖాయం చేసుకోకండి

ద్రవం ఉందో లేదో చెప్పడానికి టింపనోమెట్రీ అనే పరీక్ష ఉంది. చెవి రంధ్రంలో మెత్తని కొన పెట్టి గాలి ఒత్తిడి మార్చుతూ కర్ణభేరి ఎంత కదులుతుందో గీతగా తీస్తారు. నొప్పి ఉండదు, నిమిషంలో అయిపోతుంది. గీత కొండలా లేస్తే కర్ణభేరి బాగా కదులుతున్నట్టు. చదునుగా ఉండి దాన్ని ‘బి రకం’ అని రాస్తే వెనుక ద్రవం ఉండే అవకాశం ఎక్కువ. ఆ కాగితాన్ని దాచుకోండి. మూడు నెలల ఎడంతో తీసిన రెండు గీతలు పక్కపక్కన పెడితే మాటలతో చెప్పలేనిది కనబడుతుంది.

ద్రవం ఉన్న చెవిలో సాధారణంగా ఇరవై నుంచి ముప్పై డెసిబెళ్ళ మేర వినికిడి తగ్గుతుంది. రెండు చెవులలో వేళ్ళు పెట్టుకుని ఇంట్లో మాటలు వినండి; బిడ్డ రోజంతా దాదాపు అలాంటి లోకంలో ఉంటాడు. మాటలు నేర్చుకునే వయసులో ఈ లోటు మూడు నెలలు దాటి రెండు చెవులలోనూ నిలిచిందంటే గ్రోమెట్‌కు అది బలమైన కారణం. నాలుగైదేళ్ళ పిల్లలకు హెడ్‌ఫోన్ పెట్టి ఆడియోమెట్రీ చేస్తారు, మూడేళ్ళ లోపు పిల్లలకు ఆట రూపంలోనో, శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో నిద్రలో చూసే బెరా పరీక్ష ద్వారానో చూస్తారు. ఖర్చుకు వెనుకాడే పరిస్థితి ఉంటే హైదరాబాదు కోఠీలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రులు ఉన్నాయి. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ వైకల్యాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందాలు చూసే జబ్బుల జాబితాలో వినికిడి లోపమూ చెవి ఇన్ఫెక్షనూ ఉన్నాయి. బృందం వచ్చిన రోజున చెవి సంగతి మీరే చెప్పండి.

డాక్టరును సూటిగా అడగవలసినవి

ఈ రోజు ఏ చెవిలో ద్రవం ఉంది, పెట్టకుండా ఇంకో మూడు నెలలు ఆగితే ఏమవుతుంది, ఏ రకం గ్రోమెట్ పెడతారు, ఎడినాయిడ్ (ముక్కు వెనుక భాగంలో ఉండే మెత్తని కండ) కూడా తీస్తారా అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యం. నాలుగేళ్ళ లోపు బిడ్డకు మొదటిసారి గ్రోమెట్ పెట్టేటప్పుడు, ముక్కు దిబ్బడ, గురక, నోరు తెరిచి నిద్రపోవడం వంటి బాధలు వేరుగా లేకపోతే ఎడినాయిడ్ తీయవలసిన పని సాధారణంగా ఉండదు. నాలుగేళ్ళు దాటినవాళ్ళకు, రెండోసారి గ్రోమెట్ పెట్టవలసి వచ్చినవాళ్ళకు తీయడం వల్ల ప్రయోజనం ఉంది.

మేలు ఎంతో, కీడు ఎంతో కూడా తెలుసుకునే సంతకం పెట్టాలి. 2021లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులు ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలు 250 మందితో జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. గ్రోమెట్ పెట్టినవాళ్ళకు రెండేళ్ళ పాటు చూస్తే ఏడాదికి సగటున 1.48 ఇన్ఫెక్షన్లు, ఎప్పటికప్పుడు మందులతో నెట్టుకొచ్చినవాళ్ళకు 1.56 వచ్చాయి. తేడా లేనట్టే. అయితే మందుల జట్టులో చాలామందికి తరువాత గ్రోమెట్ పెట్టవలసే వచ్చింది. నేను దీన్నిబట్టి గ్రహించింది ఇది: పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణమైతే ఆగడంలో తప్పు లేదు. ద్రవం నిలిచిపోయి వినికిడి తగ్గినప్పుడు మాత్రం గ్రోమెట్ పెట్టిన వెంటనే వినికిడి మెరుగవుతుంది, దానికి ఎదురుచూపు ప్రత్యామ్నాయం కాదు.

కీడు పక్కన చూస్తే, గ్రోమెట్ ఉన్నంత కాలంలో ఏదో ఒక సమయంలో చెవి కారడం నలుగురిలో ఒకరికి జరుగుతుంది. రంధ్రం పూడిపోవడం, కర్ణభేరి మీద తెల్లని మచ్చ ఏర్పడడం ఉంటాయి. ఆ మచ్చ వల్ల వినికిడికి సాధారణంగా నష్టం ఉండదు. గ్రోమెట్ రాలిపోయాక చిల్లు మూసుకోకుండా మిగిలిపోవడం మామూలు రకాలతో నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది. ‘టి’ ఆకారంలో ఉండి ఏళ్ళ తరబడి నిలిచే రకంతో ఇది చాలా ఎక్కువ, కాబట్టి మొదటిసారే ఆ రకం పెడతామంటే కారణం అడగండి.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. బిడ్డ ఆ రోజే ఇంటికి వచ్చేస్తాడు కాబట్టి మీ బీమా పాలసీలోని డే కేర్ చికిత్సల జాబితాలో ఇది ఉందో లేదో చూసుకోవాలి. ఆరోగ్యశ్రీ మీద వెళ్ళేవాళ్ళు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా కలవాలి.

ఆపరేషన్ ముందు రోజు, ఆ ఉదయం

మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. అన్నం, ఆవుపాలు, గేదెపాలు, డబ్బాపాలు అయితే ఆరు గంటల ముందు, తల్లిపాలు అయితే నాలుగు గంటల ముందు, మంచినీళ్ళు అయితే రెండు గంటల ముందు ఆపాలన్నది సాధారణ నియమం. మీ మత్తు డాక్టరు ఇచ్చిన వేళలే మీకు ప్రమాణం. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆకలికి ఏడుస్తున్న బిడ్డను చూసి నాయనమ్మో అమ్మమ్మో ‘ఒక్క బిస్కెట్టేగా’ అని చేతిలో పెట్టేస్తారు. మత్తులో ఉన్నప్పుడు ఆ బిస్కెట్ కడుపులో నుంచి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, అది ప్రాణం మీదికి వస్తుందని వాళ్ళకు ముందు రోజే నెమ్మదిగా వివరించండి. పొరపాటున పెట్టేస్తే దాచకండి. ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతే. మొదటి వేళనే అడిగి తీసుకుంటే బిడ్డ నిద్రలోనే ఉపవాసం సగం గడిచిపోతుంది.

చెవిపోగులు, కడియాలు, వెండి మొలతాడు, మెడలో తాయెత్తు ఇంట్లోనే తీసేసి రండి. కొత్తగా జ్వరం, దగ్గు, పిల్లికూతలు ఉంటే ఆసుపత్రికి బయలుదేరక ముందే ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లో ఎవరికైనా గతంలో మత్తుమందు ఒంటికి పడకపోయి ఉంటే అది చెప్పడం మరవకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, తేదీ ఇచ్చి నెలో రెండు నెలలో గడిచి ఉంటే చెవులు మరోసారి చూడమని కోరండి. ఈలోగా ద్రవం ఇంకిపోయి ఉంటే ఆపరేషన్ అవసరమే ఉండకపోవచ్చు.

లోపల జరిగేది పది పదిహేను నిమిషాల పని. మాస్కు ద్వారా మత్తు ఇచ్చి, మైక్రోస్కోపుతో చూస్తూ కర్ణభేరి కింది ముందు భాగంలో గాటు పెట్టి, ద్రవాన్ని పీల్చివేసి, గ్రోమెట్ అమరుస్తారు. కుట్లు ఉండవు. బిడ్డ లేచాక అరగంట దాకా ఎవరినీ గుర్తుపట్టనట్టు గింజుకుని ఏడవవచ్చు. అది నొప్పి కన్నా మత్తు దిగేటప్పటి తికమక. ఎత్తుకుని ఉండండి, కాసేపటికి పాలు అడుగుతాడు.

ఇంటికి వచ్చాక

రెండు మూడు రోజులు చెవి నుంచి కాస్త నీరు, నెత్తుటి జీర కనబడితే కంగారుపడకండి. శబ్దాలకు బిడ్డ ఉలిక్కిపడడం మొదలవుతుంది. నిన్నటిదాకా పట్టించుకోని కుక్కర్ కూతకు, మిక్సీ మోతకు ఏడుస్తాడు. మా ఇంట్లో ఆ ఏడుపు విని సంతోషించాము.

చుక్కల మందు వేసే పద్ధతి ఒకసారి సరిగా నేర్చుకుంటే ముందు ముందు ఎన్నోసార్లు పనికివస్తుంది. సీసాను అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని చల్లదనం పోగొట్టండి. చల్లని చుక్కలు తల తిప్పుతాయి. బిడ్డను పక్కకు పడుకోబెట్టి, మూడేళ్ళ లోపు వాళ్ళకైతే చెవిని వెనక్కీ కిందికీ, పెద్ద పిల్లలకైతే వెనక్కీ పైకీ లాగి, చెప్పినన్ని చుక్కలు వేయండి. ఆ తరువాత చెవి రంధ్రం ముందు మొగ్గలా ఉండే భాగాన్ని వేలితో నాలుగైదు సార్లు నొక్కి వదలండి. ఆ ఒత్తిడికే మందు గ్రోమెట్ గుండా లోపలికి దిగుతుంది. ‘నోరు చేదుగా ఉంది’ అని బిడ్డ అంటే దారి తెరిచి ఉందని గుర్తు.

నీళ్ళ విషయంలో మునుపటి కట్టడి ఇప్పుడు లేదు. మామూలు స్నానానికి, ఈతకొలనులో నీటి పైన ఆడుకోవడానికి చాలామంది పిల్లలకు చెవి మూయవలసిన పని లేదు. అయితే మన తలంటు వేరు. కుంకుడు రసం గానీ షాంపూ గానీ కలిసిన నీరు మామూలు నీటిలా గ్రోమెట్ అంచు దగ్గర ఆగదు, జారి లోపలికి పోతుంది. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి చెంబులతో పోసేటప్పుడైతే చెవి నిండా పడుతుంది. అందుచేత తలంటు రోజున దూదికి వాజలీన్ రాసి చెవి ముఖద్వారాన పెట్టండి, మాడుకు రాసే నూనె చెవుల దాకా జారనివ్వకండి, స్నానం అయ్యాక చెవుల్లో నోటితో ఊదకండి. చెరువులో, కాలువలో, పుష్కరఘాట్ దగ్గర మునక వేయించవద్దు. విమానం ఎక్కడానికి అభ్యంతరం లేదు. గాలి ఒత్తిడి రెండు వైపులా సమంగా ఉంటుంది కాబట్టి గ్రోమెట్ ఉన్న బిడ్డకే విమానంలో చెవిపోటు తక్కువ.

చెవి కారితే

గ్రోమెట్ ఉన్నా జలుబు చేసినప్పుడు మధ్యచెవిలో చీము పట్టవచ్చు. తేడా ఏమిటంటే అది లోపల బిగుసుకుని నొప్పి పుట్టించకుండా బయటికి వచ్చేస్తుంది. దీనికి నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్ సాధారణంగా అక్కరలేదు. ముందు మెత్తని గుడ్డతో బయటి చీము తుడిచి, డాక్టరు రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఓఫ్లాక్సాసిన్ చుక్కలు వారం పది రోజులు వేస్తే తగ్గుతుంది. చీము మీదే చుక్కలు వేస్తే అవి లోపలికి చేరవు కాబట్టి తుడవడం మానవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. మందుల షాపులో ‘చెవి చుక్కలు’ అని అడిగితే చేతికి వచ్చే సీసాలో జెంటామైసిన్, నియోమైసిన్ రకం మందు ఉండవచ్చు. కర్ణభేరికి దారి ఉన్నప్పుడు ఇవి లోచెవికి చేరి వినికిడిని శాశ్వతంగా దెబ్బతీసే ప్రమాదం ఉంది. గులిమి కరిగించే చుక్కలు కూడా వేయకూడదు. బిడ్డ చెవిలో గ్రోమెట్ ఉందన్న మాట ప్రతి డాక్టరుకూ, ప్రతి మందుల షాపులోనూ చెప్పండి. ఇంటి తలుపు వెనుక ఒక కాగితం అంటించండి. ఊరి నుంచి వచ్చి బిడ్డను చూసుకునే వాళ్ళకు అది పనికివస్తుంది.

చుక్కలు వేసినా వారంలో తగ్గకపోతే, చీములో రక్తం కనబడితే, దుర్వాసన పోకపోతే డాక్టరుకు చూపించండి. చెవి వెనుక వాచి చెవి ముందుకు తోసుకొస్తే, ముఖం ఒక పక్కకు వంకరపోతే, మెడ బిగుసుకుపోతే, బిడ్డ మగతగా ఉండి వాంతులు చేసుకుంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. గ్రోమెట్ లేని పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

అది రాలిపోయేదాకా

మొదటి నెలల్లో ఒకసారి, ఆ తరువాత నాలుగు నుంచి ఆరు నెలలకొకసారి చూపిస్తూ ఉండాలి. వినికిడి తగ్గిందని పెట్టించినట్టయితే పెట్టిన తరువాత ఇంకోసారి వినికిడి పరీక్ష చేయించి, ముందటి కాగితంతో పోల్చండి. వినికిడి మెరుగైనా మాటలు వెనుకబడి ఉంటే స్పీచ్ థెరపీ మొదలుపెట్టాలి. గ్రోమెట్ దారి తెరుస్తుందే తప్ప పోయిన నెలల మాటలను తెచ్చిపెట్టదు.

కర్ణభేరి ఎదుగుతూ గ్రోమెట్‌ను మెల్లగా బయటికి నెడుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు అది గులిమితో పాటు రాలిపోతుంది. దిండు మీద కనబడవచ్చు, ఎవరూ చూడకుండానే పోవచ్చు. కనబడితే చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్ళండి. కనబడకపోయినా చెవిలోకి చూస్తే తెలుస్తుంది. రెండున్నర, మూడేళ్ళు దాటినా కదలకపోతే తీసేయడం గురించి డాక్టరు మాట్లాడతారు, ఎందుకంటే ఎక్కువ కాలం ఉంటే చిల్లు మిగిలే అవకాశం పెరుగుతుంది. రాలిపోయిన కొన్ని వారాలకు చిల్లు మూసుకుందో లేదో చూపించుకోండి. కొందరు పిల్లలకు ద్రవం మళ్ళీ చేరి రెండోసారి పెట్టవలసి వస్తుంది కాబట్టి, ఆ తరువాత వచ్చే మొదటి వానాకాలం, చలికాలం గడిచేదాకా నోటుపుస్తకాన్నీ, టింపనోమెట్రీ కాగితాలనూ ఒకే ఫైలులో ఉంచండి.